అజ్‌బా ఒంటె, ఫెరారీ గుర్రం, లంబోర్గినీ ఎద్దు



మొన్న ఈద్ సాయంత్రం నరసన్నపేటలో అసర్ నమాజ్ అయ్యాక టీ దుకాణం దగ్గర ముగ్గురు కుర్రాళ్ళ బహస్ విన్నాను. ఒకడు ఫెరారీ అంటాడు. ఇంకొకడు లంబోర్గినీ ముందు అదెంత అంటాడు. మూడోవాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మీ ఇద్దరికీ ఏమీ తెలీదు, మెక్‌లారెన్ ముందు రెండూ బచ్చాలే అంటాడు. సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు, ఎన్ని హార్స్‌పవర్లు, ఎన్ని సిలిండర్లు, అన్నీ కంఠస్థం. ఇంతే జోష్‌తో సూరాలు హిఫ్జ్ చేస్తే ఎంత బావుణ్ణు అనిపించింది.

నవ్వు కూడా వచ్చింది. ముగ్గురిలో ఒక్కడూ ఆ కార్లను ఫోన్‌లో తప్ప చూడలేదు. మన ఊరి పక్కనుంచి పోయే హైవే మీద కనబడేవి ఒడిశా లారీలు, రాత్రి బస్సులు, గడ్డి ట్రాక్టర్లు. లంబోర్గినీ గనక మడపాం టోల్‌గేటు దగ్గర ఆగిందంటే ఊరు ఊరంతా సెల్ఫీలకు పోతుంది.

పక్కన చాయ్ తాగుతున్న ఒక చాచా అన్నారు: "మా జమానాలో కూడా ఇదే బహస్ బేటా. కార్లే వేరు. అంబాసిడర్ గొప్పదా, ఫియట్ గొప్పదా అని గంటలు గంటలు కొట్టుకునేవాళ్ళం. ఇంటికి మాత్రం సైకిల్ మీదే పోయేవాళ్ళం."

అందరూ నవ్వారు. కానీ బహస్ అక్కడితో ఆగలేదు. "మాటలెందుకు? రాత్రికి హైవే మీద బైకులతో తేల్చేసుకుందాం. టోల్‌గేటు దాకా. ఓడినోడు బిర్యానీ తినిపించాలి" అన్నాడొకడు. అక్కడ నా నవ్వు ఆగిపోయింది. వాళ్ళతో కూర్చుని కొంత చెప్పాను. సగంలో మగ్రిబ్ అజాన్ అయ్యింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో కుర్రాళ్ళున్నవాళ్ళు చదివి వినిపించండి.

గుర్రాల నాటి షౌక్

ఏ సవారీ వేగం అన్న బహస్ కార్లతో పుట్టింది కాదు. మన బుజుర్గుల కాలంలో అది గుర్రాల బహస్. అరబీ గుర్రమా, తుర్కీ గుర్రమా అని నవాబుల దర్బారుల్లోనూ, లష్కర్ గుడారాల్లోనూ వాదించుకున్నారు. సముద్రం మీద ఓడల్లో గుర్రాలు దక్కన్ రేవులకు వచ్చేవి. ఏ గుర్రం మంచిది, ఏ రంగుది ముబారక్, ఏ మచ్చ ఉంటే కొనకూడదు, జబ్బుకి ఏ దవా వెయ్యాలి అని ఫార్సీలో పుస్తకాలే రాశారు. వాటిని ఫరస్‌నామాలు అంటారు. ఈనాటి కార్ల మ్యాగజైన్లకు అవి దాదీలు.

మన శ్రీకాకుళం జామియా మస్జిద్ తెలుసు కదా. కుతుబ్ షాహీల ఫౌజ్‌దార్ షేర్ మొహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన మస్జిద్. అప్పట్లో ఒక మనిషి హోదా ఎంతో చెప్పాలంటే అతని వెనక ఎన్ని గుర్రాలు నడుస్తాయో చెప్పేవారు. ఇప్పుడు ఇంజను బలాన్ని కూడా గుర్రాలతోనే కొలుస్తున్నాం. 75 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తుకి లేపితే అది ఒక హార్స్‌పవర్. గుర్రం పోయింది, గుర్రం పేరు ఇంజనులోకి దూరింది.

హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జమానాలో మలక్‌పేటలో గుర్రాల పందేలు సాగేవి. అదే నిజాం హయాంలో ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారులో సీటు తఖ్త్ లాగా ఉంటుంది. గమనించండి, పందెం గుర్రం రఫ్తార్ కోసం, మోటారు కారు షాన్ కోసం. కారుని వేగానికి వాడొచ్చన్న జునూన్ యూరప్‌లో ముదిరింది.

అస్తబల్ నుంచి వచ్చిన కారు

ఫెరారీ బొమ్మ మీద గుర్రం ఎందుకుంది? ఫ్రాన్సెస్కో బరాకా అని మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ పైలట్ ఒకాయన తన విమానం మీద ఎగిరే గుర్రం బొమ్మ వేసుకునేవాడు. యుద్ధంలోనే చనిపోయాడు. 1923లో ఒక రేసు గెలిచిన ఎంజో ఫెరారీకి ఆ పైలట్ తల్లి కనబడి, మా అబ్బాయి గుర్రాన్ని నీ కారు మీద పెట్టుకో, అదృష్టం కలిసొస్తుంది అందట. కొడుకుని పోగొట్టుకున్న ఒక అమ్మీ ఇచ్చిన గుర్రం అది. ఆ ఎర్ర కార్లను చూసినప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఎంజో 1929లో పెట్టిన రేసు జట్టు పేరు స్కుదెరియా ఫెరారీ. స్కుదెరియా అంటే ఇటలీ భాషలో గుర్రాల సాల, మన అస్తబల్. మొదట్లో ఆ అస్తబల్‌లో నడిపినవి ఆల్ఫా రోమియో కార్లు. తన సొంత పేరుతో మొదటి కారు 1947లో వచ్చింది.

ఇక ఎద్దు సంగతి. ఫెరూచియో లంబోర్గినీ రైతుల ఇంట్లో పుట్టాడు. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన మిలిటరీ బళ్ళ సామాన్లు ఏరి ట్రాక్టర్లు తయారుచేసి దౌలత్ సంపాదించాడు. ఫెరారీ కార్లు కొన్నాడు. వాటి క్లచ్ మాటిమాటికీ పాడయ్యేది. ఎంజో దగ్గరికెళ్ళి మొహం మీదే చెప్పాడట. నువ్వు ట్రాక్టర్లు నడుపుకో, కార్ల సంగతి నీకేం తెలుసు అని ఎంజో తీసిపారేశాడట. ఇది లంబోర్గినీ చెప్పిన కిస్సా. మసాలా ఎంత, నిజం ఎంత అన్నది పక్కన పెడదాం. ఆయన 1963లో సాంతాగాతా అనే ఊళ్ళో కార్ల కార్ఖానా పెట్టింది మాత్రం నిజం. ఫెరారీ ఊరు మరనెల్లో అక్కడికి దగ్గరే. నరసన్నపేటవాడు టెక్కలివాడి మీద జిద్‌తో దుకాణం తెరిచినట్టు అనుకోండి.

1966లో జెనీవా ప్రదర్శనలో లంబోర్గినీ మియూరా వచ్చింది. పన్నెండు సిలిండర్ల ఇంజనుని డ్రైవర్ వీపు వెనక అడ్డంగా పెట్టారు. రేసు కార్లలో ఇంజను వెనక ఉండటం అప్పటికే ఉంది గానీ, రోడ్డు మీద తిరిగే ఖరీదైన కారులో ఆ పద్ధతిని అంత ఘనంగా చూపించింది మియూరాయే. ఆ పేరు స్పెయిన్‌లో పోట్లాట ఎద్దుల్ని పెంచే ఒక ఖాన్‌దాన్‌ది. గుర్రానికి జవాబుగా ఎద్దు వచ్చింది.

తర్వాతేమయ్యింది? 1970ల మొదట్లోనే ఫెరూచియో కంపెనీలో తన వాటాలు అమ్మేసుకుని పొలానికి, ద్రాక్షతోటకు వెళ్ళిపోయాడు. 1978లో కంపెనీ దివాలా తీసింది. చేతులు మారి మారి 1998లో జర్మనీ ఆడీ కిందకి చేరింది. ఫెరారీ కూడా 1969లో సగం వాటా ఫియట్‌కి ఇచ్చుకుంది. చాచా సైకిల్ మీద వస్తూ వాదించుకున్న ఆ ఫియటే! మన బొంబాయిలో 1089 సీసీ ఇంజనుతో ట్యాక్సీలయిన కార్ల కంపెనీయే ఫెరారీకి ఆసరా అయ్యింది. ఈ మాట చెప్పినప్పుడు చాచా మీసం మెలేశారు.

జిద్ ఎక్కడిదాకా తీసుకెళ్తుంది

మనుషుల గురూర్ ఎంత పని చేయిస్తుందో చెప్పే కిస్సా ఇంకొకటుంది. 1963లో అమెరికా ఫోర్డ్ కంపెనీ ఫెరారీని కొనెయ్యాలనుకుంది. బేరం ఆఖరి మెట్టు దాకా వచ్చింది. కాగితాల్లో రేసు జట్టు ఖర్చుల మీద ఫోర్డ్ పెత్తనం ఉంటుందన్న షరతు చూసి ఎంజో లేచి వెళ్ళిపోయాడు. హెన్రీ ఫోర్డ్ మనవడికి కోపం వచ్చింది. ఫ్రాన్స్‌లో లె మాన్ అనే చోట 24 గంటల రేసు జరుగుతుంది. 1960 నుంచి 1965 దాకా వరసగా ఆరేళ్ళు అక్కడ ఫెరారీయే గెలిచింది. అక్కడే దాన్ని ఓడించాలని ఫోర్డ్ డబ్బు నీళ్ళలా పోసింది. 1966లో మొదటి మూడు స్థానాలూ ఫోర్డ్ కార్లవే. 1969 దాకా నాలుగేళ్ళు అక్కడ ఫోర్డ్ గెలుస్తూనే ఉంది. ఆ వెంటనే 1970లో పోర్షే వచ్చి గెలిచింది.

ఆ 1966 గెలుపు వెనక ఒక మనిషి ఉన్నాడు, కెన్ మైల్స్. కారుని రాత్రింబవళ్ళు నడిపి దాని లోపాలు పట్టి సరిచేయించినవాడు. రేసులో తనే ముందున్నాడు. ఫొటో బావుంటుంది, మూడు కార్లూ కలిసి గీత దాటండి అని కంపెనీవాళ్ళు కబురు పంపారు. ఆయన వేగం తగ్గించాడు. తీరా చూస్తే, రేసు మొదలైనప్పుడు ఇంకొంచెం వెనక నిలబడి ఉన్న రెండో ఫోర్డ్ కారు కొద్ది గజాలు ఎక్కువ దూరం వచ్చినట్టు లెక్కతేలి, దాన్ని నడిపిన మెక్‌లారెన్, ఎమన్‌ల జోడీకి గెలుపు దక్కింది. రెండు నెలలకు, ఆగస్టులో, కొత్త కారుని పరీక్షిస్తుండగా కెన్ మైల్స్ చనిపోయాడు. జిద్ కంపెనీ యజమానులది, జాన్ పోయింది డ్రైవర్‌ది.

అంతకు ముందు 1955 జూన్ 11న అదే లె మాన్‌లో మెర్సిడెస్ కారొకటి ముందున్న కారుకి తగిలి గాల్లోకి లేచి జనం మీద పడింది. ఎనభై మందికి పైగా చూడ్డానికి వచ్చినవాళ్ళు చనిపోయారు. వాళ్ళు పందెం కాసినవాళ్ళు కారు, కారెక్కినవాళ్ళు కారు. గట్టు మీద నిలబడిన బాప్‌లు, బేటాలు. ఆ ఏడాది చివర్లో మెర్సిడెస్ రేసుల నుంచి తప్పుకుంది. మళ్ళీ పెద్ద రేసులకు తిరిగి రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. స్విట్జర్లాండ్ తన దేశంలో అలాంటి రేసులనే బంద్ చేసింది.

మెక్‌లారెన్ అబ్బాయికి ఒక మాట

మెక్‌లారెన్ అన్న కుర్రాడికి ఒక సంగతి చెప్పాను. ఆ కంపెనీలో మన్సూర్ ఓజ్జే అనే భాగస్వామి ఉండేవారు. ఆయన తండ్రి అక్రమ్ ఓజ్జే సౌదీ వ్యాపారి. తర్వాత ఆ కంపెనీలోకి బహ్రెయిన్ ఖజానా డబ్బు కూడా వచ్చింది. 1988లో ఫార్ములా వన్‌లో మొత్తం 16 రేసులు. మెక్‌లారెన్ 15 గెలిచింది. ఐర్టన్ సెన్నా, అలైన్ ప్రోస్ట్ ఆ జట్టు డ్రైవర్లు. పోయిన ఒక్క రేసూ ఎక్కడిదో తెలుసా? ఇటలీలో మోంజాలో, సెప్టెంబర్ 11న. ఎంజో ఫెరారీ చనిపోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఇంకో రెండు చుట్లుంటే సెన్నా గెలిచేవాడే, వెనకబడిన ఒక కారుని దాటబోయి తగిలి ఆగిపోయాడు. మొదటి రెండు స్థానాలూ ఫెరారీకి వెళ్ళాయి.

ఆ రేసు నుంచి తిరిగి వెళ్తూ మిలాన్ విమానాశ్రయంలో కూర్చున్నప్పుడే మన్సూర్ ఓజ్జే, రాన్ డెనిస్, గార్డన్ ముర్రే ప్రపంచంలో అన్నిటికన్నా మంచి రోడ్డు కారు చేద్దామని మాట్లాడుకున్నారు. అదే మెక్‌లారెన్ ఎఫ్ వన్. 1998లో గంటకు 386 కిలోమీటర్ల వేగం అందుకుంది. దీన్ని మించేది రాదు అన్నారు. 2005లో వచ్చిన బుగాటీ వేరాన్ 400 దాటేసింది. తర్వాత దాన్నీ దాటేశారు.

ఇరాన్ షా మొహమ్మద్ రజా పహ్లవీ కథ ఇంకా ఇబ్రత్. తనకోసం ప్రత్యేకంగా మసెరాటీ చేయించుకున్నాడు, మియూరాల్లో మరీ ప్రత్యేకమైన దాన్ని చేయించుకున్నాడు. 1979 ఇంఖిలాబ్ తర్వాత తఖ్త్ పోయింది, దేశం పోయింది, కార్లు జప్తయ్యాయి. ఆ మియూరాని 1997లో హాలీవుడ్ నటుడొకడు వేలంలో కొనుక్కున్నాడు.

అజ్‌బా సబఖ్

ఇదంతా చెప్పింది ఒక్క రివాయత్ కోసం. సహీహ్ బుఖారీలో హజ్రత్ అనస్ (రజి) చెప్పిన మాట. మన ప్రవక్త (స) దగ్గర అజ్‌బా అనే ఒంటె ఉండేది. దాన్ని ఏ ఒంటే దాటలేకపోయేది. ఒకసారి ఎడారి నుంచి ఒక పల్లెటూరి అరబ్బు తన మామూలు సవారీ ఒంటె మీద వచ్చి అజ్‌బాని దాటేశాడు. సహాబాలకు చాలా బాధ కలిగింది. ప్రవక్త (స) వాళ్ళ మొహాల్లో ఆ బాధ చూసి చెప్పిన దాని సారాంశం ఇది: దునియాలో ఏది పైకి లేచినా దాన్ని కిందికి దించడం అల్లాహ్ రివాజు.

ఎవరి ఒంటె ఓడిందో చూడండి. ఎవరు ఓడించారో చూడండి. ఓడిన తర్వాత మాట ఎలా ఉందో చూడండి. కోపం లేదు, బహానా లేదు, మళ్ళీ పందెం కాద్దాం రా అన్న జిద్ లేదు. ఫెరారీ, ఫోర్డ్, మెక్‌లారెన్, షా వారి తఖ్త్, అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి.

అలాగని రఫ్తార్ షౌక్ హరామ్ అని నేను అనను. ప్రవక్త (స) స్వయంగా గుర్రాల పందేలు పెట్టించారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) వాటిలో పాల్గొన్నారు. ఆ రివాయత్‌లో ఒక తఫ్సీల్ ఉంది, శ్రద్ధగా వినండి. తర్ఫీదు ఇచ్చి సిద్ధం చేసిన గుర్రాలకు హఫ్‌యా నుంచి సనియ్యతుల్ విదా దాకా, అంటే అయిదారు మైళ్ళు. తర్ఫీదు లేని గుర్రాలకు సనియ్యా నుంచి బనీ జురైఖ్ మస్జిద్ దాకా, ఒక మైలు. అంటే పందేనికి మొదలూ చివరా గుర్తుపెట్టిన హద్దు ఉంది. బలమున్నదానికి బలమున్నదానితోనే జోడీ. చేతకానిదాన్ని దాని తాకత్‌కి మించి పరుగెత్తించలేదు. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి ఉసూల్ ఇది. ఇవాళ రేసు ట్రాకుల్లో చిన్న ఇంజనుకి ఒక తరగతి, పెద్ద ఇంజనుకి ఒక తరగతి అని పెడుతున్నది ఇదే.

బిర్యానీ పందెం గురించి కూడా. ఇద్దరూ చెరో వైపు ఒడ్డి, గెలిచినవాడు తీసుకుంటే దాన్ని ఖిమార్ అంటారు, జూదం. పందెంలో లేని మూడోమనిషి ఇనామ్ ఇస్తే అది వేరే సంగతి. అనుమానముంటే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ని అడగండి. బిర్యానీ నేనే పెడతాను, ఏ పందెమూ అక్కర్లేదు అన్నాను. అప్పుడు మాత్రం ముగ్గురూ ఒక్కమాట మీదకొచ్చారు!

మైదాన్ వేరు, రాస్తా వేరు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో ఫార్ములా ఈ రేసు జరిగింది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా జమానాలో హజ్రత్ హుసేన్ షా వలీ కట్టించిన హుసేన్ సాగర్ గట్టునే. పెట్రోలు లేని కరెంటు కార్లు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. జాగ్వార్ జట్టు కార్లు రెండూ ఒకదానికొకటి గుద్దుకుని ఆగిపోయాయి, ఇంటివాళ్ళే ఇంటివాళ్ళకి తగిలినట్టు. అయినా డ్రైవర్లు నడుచుకుంటూ బయటికొచ్చారు. ఎందుకు? దారికి రెండు వైపులా గోడలు, కంచెలు. నెత్తిన హెల్మెట్, ఒంటిమీద నిప్పంటని బట్టలు. ఎదురొచ్చే బండి లేదు, అడ్డమొచ్చే గేదె లేదు, దారి పక్కనే డాక్టర్లు.

ఇప్పుడు మన హైవే చూడండి. రాంగ్ సైడులో వచ్చే ట్రాక్టర్, లైటు లేకుండా పక్కన ఆపిన లారీ, పొలం నుంచి ఇంటికెళ్ళే ముసలాయన. గంటకు 120 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 33 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని కన్ను చూసి చెయ్యి బ్రేకు దగ్గరికి వెళ్ళేలోపే ఒక్క సెకను అయిపోతుంది. బ్రేకు పడకముందే 33 మీటర్లు పోయాం. వేగం రెండింతలయితే దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు. 60లో బతికే మనిషి 120లో బతకడు. ఇది ఫెరారీకైనా అంతే, ఈఎంఐ కట్టే బైకుకైనా అంతే.

2011 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏం జరిగిందో మన ఇళ్ళలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. క్రికెటర్ మొహమ్మద్ అజహరుద్దీన్ గారి చిన్న కొడుకు, 19 ఏళ్ళవాడు, వెయ్యి సీసీ బైకు మీద పడిపోయాడు. వెనక కూర్చున్న చుట్టాలబ్బాయి అదే రోజు, అతను కొన్ని రోజులకు, ఇద్దరూ పోయారు. ఆ తండ్రి బ్యాటింగ్ చూసి తాళీలు కొట్టిన దేశం ఆ జనాజా చూసి ఏడ్చింది. దౌలత్, షోహరత్, పెద్ద ఆసుపత్రి, ఏవీ ఆపలేకపోయాయి. అల్లాహ్ వాళ్ళని మగ్ఫిరత్ చేయుగాక.

మా మొహల్లాలో ఒక అమ్మీ ఉంది. కొడుకు బైకు చప్పుడు వీధి మలుపులో వినబడేదాకా ఆమె పడుకోదు. తస్బీహ్ తిప్పుతూ గుమ్మంలో కూర్చుంటుంది. ఆ చప్పుడు దగ్గరికొచ్చాక లేచి, నిద్రపోయినట్టు దుప్పటి కప్పుకుంటుంది, కొడుక్కి తెలియకూడదని. టీ దుకాణం దగ్గర బైకులతో తేల్చుకుందాం అన్నవాడు ఆ అమ్మీ కొడుకే. ఈ సంగతి ఆ సాయంత్రం అందరి ముందూ చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. పేరు రాయలేదు, చదివితే తనకే తెలుస్తుంది.

కార్ల బహస్ చెయ్యండి బేటా. నేనూ వచ్చి కూర్చుంటాను. ఇంజను ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం ఇల్మ్. మియూరాని తీర్చిదిద్దిన ఇంజనీర్లు అప్పటికి ఇంకా ముప్ఫై ఏళ్ళు నిండని కుర్రాళ్ళు. మన ఇళ్ళలో లేత్ మిషను మీద, వెల్డింగ్ షెడ్డులో చేతులు కాల్చుకుంటున్న కారీగర్ల పిల్లలు అలాంటి పని ఎందుకు చెయ్యలేరు? షౌక్‌ని చదువు వైపు తిప్పండి. మరీ నడపాలనిపిస్తే చెన్నై దగ్గర, కోయంబత్తూరులో ట్రాకులున్నాయి, నేర్పే ఉస్తాదులున్నారు. జాన్ మాత్రం మనది కాదు, అమానత్. దాన్ని హైవే మీద పందెం ఒడ్డే హక్ మనకు లేదు.

ఆ రాత్రి వాళ్ళు టోల్‌గేటు వైపు వెళ్ళారా అని నేను అడగలేదు. ఇషా నమాజ్‌కి సలామ్ తిప్పి చూస్తే ముగ్గురూ వెనక సఫ్‌లో పక్కపక్కనే ఉన్నారు. ఫెరారీ, లంబోర్గినీ, మెక్‌లారెన్, భుజానికి భుజం తగిలేలా. అల్‌హందులిల్లాహ్.

బిర్యానీ బాకీ వచ్చే జుమా తీరుస్తాను, ఇన్షా అల్లాహ్.